కాయ మొగలి

కంచిలి దాటి తూర్పుగా పోతే, సముద్రం హోరు వినబడే ఊరు కొండబాబుది. అతని కొబ్బరితోట చుట్టూ మొగలి దడి ఉంది. వానాకాలంలో తెల్లారకముందే దోటితో పువ్వులు కోస్తే, అత్తరు బట్టీల వాళ్ళు ఒడిశా నుంచి వచ్చి పట్టుకుపోతారు. ఆ ఇంట్లో పువ్వంటే ప్రాణం.

మొగలిలో మగమొక్క వేరు, ఆడమొక్క వేరు. వాసనంతా మగదానిదే. తెల్లటి రేకులు విప్పితే పుప్పొడి చేతులకి అంటుకుని సాయంత్రం దాకా వదలదు. ఆడదానికి ఏ వాసనా లేదు, అనాసపండు లాంటి గట్టి కాయ కాసి ఊరుకుంటుంది. ఏది ఏదో తొలిపూత దాకా తెలియదు. తెలిసిన రోజున కొండబాబు తల్లి కన్నమ్మ దడి దగ్గర నిలబడి, "ఇది కాయరా, నరికీ!" అని కేకేసేది. మగమొక్క పువ్వు, ఆడమొక్క కాయ. ఆ ఇంటి భాష అది.

కోడలు మోహిని పదో తరగతి చదివింది. మందారపువ్వు బొమ్మ గీసి కేసరాలు ఇవి, అండాశయం ఇది అని గుర్తులు పెట్టిన పిల్ల. ఒకసారి ఉండబట్టలేక అడిగింది.

"కాయ మొగలన్నీ నరికీత్తే ఇత్తనమెక్కడ్నుంచి వత్తాదత్తా?"

"ఇత్తనమెవుడిక్కావాలే? పువ్వు మొగలి పిలక తెచ్చి పాతితే పువ్వే వత్తాది."

అదీ నిజమే. దడి చాలావరకు పిలకల మీదే పెరిగింది, తమంతట మొలిచిన మొక్కల్లోనే కాయ మొగలి తేలేది. మనుషుల వంశం కూడా అలాగే పెరుగుతుందని కన్నమ్మ ఎక్కడ నేర్చుకుందో గానీ, గట్టిగా నమ్మింది.

రెండువేల రెండులో మోహినికి మళ్ళీ ఐదో నెల. మొదటిది ఆడపిల్ల, హేమలత, నాలుగేళ్ళది. కన్నమ్మ కొడుకునీ కోడల్నీ పలాసలో స్కానింగుకి పంపింది. ఆడో మగో ఇక్కడ చెప్పబడదు అని గోడ మీద ఎర్రక్షరాల బోర్డు ఉంది. ఆ బోర్డు కిందే కుర్చీ వేసుకుని ఒకామె, ఆడా మగా అనే మాటలు నోట రాకుండా చెప్పాల్సింది చెబుతుంది. అంత చట్టభయం!

"ఈసారి కాయండీ," అందామె నవ్వుతూ.

కొండబాబు మొహం మాడిపోయింది. బస్సులో మోహిని అతని చెయ్యి పట్టుకుంది. లోపల బిడ్డ అప్పటికే చేపపిల్లలా కదులుతోంది.

"ఉంచీసుకుందాం మావా. నానే పెంచుకుంతాను."

"అమ్మ ఒప్పుకోదు," అని అతను కిటికీలోంచి బయటికి చూశాడు.

మూడో రోజున టెక్కలిలో ఒక ఇంటి వెనకగదిలో ఆ పని జరిగిపోయింది. ఆయా ముసలమ్మ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి కొండబాబు మీద విరుచుకుపడింది.

"మగగుంటడు గదరా! స్కానింగోలు సెప్పనేదేటి?"

"కాయని సెప్పినారు."

"కాయంటే మగోడే గదరా బాబూ! పువ్వంటే ఆడపిల్ల. లోకమంతా అలగే అంతాది. నువ్వే లోకం నుంచొచ్చినావు?"

కొండబాబు మెట్ల మీద కూలబడ్డాడు. లోపల మంచం మీద మోహిని అంతా విన్నది. స్కానింగు దగ్గర ఆమె నవ్విన నవ్వు శుభవార్త చెప్పిన నవ్వని ఇప్పుడు తెలిసింది. హేమలత పుట్టినప్పుడు తన పుట్టింట్లోనూ పువ్వు పుట్టిందనే అన్నారు. ఆరేళ్ళు ఈ ఇంట్లో ఉండేసరికి అత్త మాటే తన మాటై కూర్చుంది. కాయంటే ఎవరని అక్కడే అడిగి ఉంటే బిడ్డ బతికేది. ఆ ఆలోచన వెనకే ఇంకొకటి వచ్చింది. నిజంగా ఆడపిల్లే అయివుంటే, అందరూ అనుకున్న పని అనుకున్నట్టే అయిందని ఈపాటికి ఇంటికి బయల్దేరేవాళ్ళు.

కబురు తెలిసిన కన్నమ్మ వాకిట్లో కూర్చుని గుండెలు బాదుకుంది. "నా పువ్వే! సేతులారా నరికీసుకున్నాం గదరా!" అని వీధి వీధంతా వినబడేలా ఏడ్చింది. ఆడవాళ్ళు వచ్చి ఆమె చుట్టూ చేరి ఓదార్చారు. గుమ్మం లోపల చాప మీద పడుకున్న మోహిని దగ్గరికి ఎవరూ రాలేదు.

"అత్తా," అంది మోహిని. "మొన్న కాయన్నప్పుడు నువ్వే నన్ను టెక్కలి బస్సెక్కించినావు. అప్పుడు నీ కంట నీటిసుక్క నేదు. కాయే అయ్యుంటే ఈయేల ఏడుద్దువా?"

కన్నమ్మ కోడలి వంక చూడకుండా మళ్ళీ ఏడుపు అందుకుంది.

తలుపు వెనక నుంచి హేమలత వచ్చింది. ఇంట్లో మూడు రోజులుగా నలిగిన మాటలన్నీ ఆ పిల్ల చెవిన పడ్డాయి. తల్లి పక్కన చతికిలబడి, మెల్లిగా అడిగింది.

"అమ్మా, నాను కాయనా?"

కాదు, పువ్వువే అనబోయింది మోహిని. బయట ఆ మాట పట్టుకునే కన్నమ్మ ఏడుస్తోంది. ఆ రెండు మాటల్లో ఏదీ ఆమె నోట రాలేదు. పిల్లని దగ్గరికి లాక్కుని, "హేమలతా," అని పేరు పెట్టి పిలిచింది.