దించని పాడె

మల్లమ్మ పాడెను అపార్ట్‌మెంట్ల గేటు ముందు దించమన్నారు. నిన్నటిదాకా ఆ గేటుకు కాపలా కాసింది ఆమె కొడుకు ఎల్లేశమే. ఇవాళ అగ్గికుండ పట్టుకుని అదే గేటు ముందు దొంగలా నిలబడ్డాడు.

"పైనుంచి ఆర్డరుందిరా ఎల్లేశం. శవం లోపలికి రావద్దంట. జర పక్కకు దించుకోండ్రి," అన్నాడు సెక్యూరిటీ సూపర్‌వైజర్ రవీందర్.

"యాడ దించాలె అన్నా? దింపుడు కల్లం అయిపాయె గద."

తెలియని తమ్ముళ్లుంటే వినండి. మాలో పాడెను దారిలో ఒక్కసారే దించుతారు. కొడుకు చెవి దగ్గర వంగి మూడుసార్లు పిలుస్తాడు. పలికితే ఇంటికి, లేకుంటే మట్టికి. ఆ తర్వాత పాడె మళ్లీ నేల తాకితే మనిషికి సొంత మట్టి దొరకదని మా నమ్మకం. ఎల్లేశం ఫ్లైఓవర్ కింద "అవ్వా" అని పిలిచాడు. పైన కార్ల మోతలో వాడి గొంతు మాకే సరిగ్గా వినబడలేదు. మల్లమ్మకేం వినబడుతుంది?

ఆ గేటున్న గోడ కథ కూడా చెప్పాలి. ఖాజాగూడ గుట్టల కింద, చెరువు పక్కన మా ఊరి శవాలను పూడ్చే బొందలగడ్డ ఉండేది. ఆ మాట నోటితో అనడం కీడని పెద్దల జాగ అనేవాళ్లం. మాకు పెద్దలంటే చచ్చిపోయిన తాతలు, అవ్వలు. సర్వేకు వచ్చిన సారు ఈ భూమి ఎవరిదని అడిగితే మల్లమ్మ పెనిమిటి ఐలయ్య చేతులు కట్టుకుని "పెద్దలది సారూ" అన్నాడు. సారుకు తెలిసిన పెద్దలు దొరలే, అట్లనే రాసుకున్నాడు. దొర వారసులు ఆ మాటే పట్టుకుని భూమిని బిల్డరుకు అమ్ముకున్నారు. మా నోటితోనే మా గోరీలు పోయాయి.

బిల్డరు గోడ సగం లేచినప్పుడు ఐలయ్య చనిపోయాడు. ఆయనను అక్కడే మట్టిలో పెట్టాము. గోడ పూర్తయ్యాక మల్లమ్మ ఆ అపార్ట్‌మెంట్లలోనే ఊడ్చే పనికి చేరింది. బువ్వ తినే టైముకు ఆమెతో ఊడ్చే మేమంతా నీడకు పోతే ఆమె మాత్రం ఎండలో, ఐలయ్య బొంద మీద గడ్డి పరిచిన ఆ మూలకు పోయి కూర్చునేది. "నన్ను ఆయన పక్కకే పెట్టుండ్రి" అన్నది ఒక్కటే ఆమె కోరిక.

అసోసియేషన్ సెక్రటరీ యశ్వంత్ గారు బయటికి వచ్చారు. మెత్తటి మనిషే. "మీ బాధ అర్థమవుతుందండి. మల్లమ్మంటే మాకూ అభిమానమే. కానీ అది పిల్లలు ఆడుకునే చోటండి. అంబులెన్స్ మాట్లాడమంటారా?"

మల్లమ్మతో పాటు ఊడ్చే పార్వతమ్మ ముందుకు వచ్చింది. "పొద్దుగాల చీపురు పట్టుకొని వస్తే రానిచ్చినోళ్లు, ఇయాల పండుకొని వస్తే ఎందుకు రానియ్యరు సారూ?"

ఆయన ఫోను చూసుకున్నారు. వాళ్ల దగ్గర జవాబు లేనప్పుడల్లా ఫోను ఉంటుంది.

ఎండ ముదిరింది. మోసేవాళ్లు భుజాలు మార్చుకున్నారు, అయినా దించలేదు. రోడ్డు మీద పోతున్న తిరుపతి అనే క్యాబ్ డ్రైవర్ కారు పక్కకు ఆపి వచ్చాడు. "మాది జనగామ. మా అవ్వను పెట్టినప్పుడు నేను ట్రిప్పుల ఉన్న. జర నాకియ్యి అన్నా," అని భుజం పెట్టాడు.

"ఏ కులపోడో ఏమో," అని మా ముసలాయన ఒకడు గొణిగాడు.

"నీ భుజం నొస్తలేదా పెద్దయ్యా? నొస్తే జరుగు," అన్నాడు ఎల్లేశం.

ఇక లిఫ్టు నడిపేవాళ్లు, క్యాంటీన్ వంటవాళ్లు, మట్టి పని వాళ్లు ఒకరి వెంట ఒకరు వచ్చారు. ఎవరి ఊరు ఎక్కడో, ఎవరి కులం ఏమిటో అడిగే ఓపిక ఎవరికీ లేదు. పాడె మాత్రం లేచే ఉంది.

పోలీసులు వచ్చారు. "దించుతరా, దింపియ్యాల్నా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. భుజం పెట్టినవాడినల్లా లాగి వ్యానులో వేశారు. లాగిన చోట ఇంకొక భుజం దూరింది. ఎల్లేశాన్ని గుంజుతుంటే చేతిలోని అగ్గికుండ పగిలిపోయింది. వ్యాన్లు నిండాయి. చివరికి మొయ్యగలిగే మగవాళ్లు అయిపోయారు.

మాలో ఆడవాళ్లు పాడె మొయ్యరు. పార్వతమ్మ కొంగు నడుముకు చెక్కి భుజం పెట్టింది. రెండో పక్క నేను, వెనక మిగతా ఆడవాళ్లు పెట్టాము. మల్లమ్మ అంత తేలిక అవుతుందనుకోలేదు.

"ఆడోళ్లు పట్టొద్దే," అన్నాడు ఆ ముసలాయనే.

"మొగోళ్లు బండ్లల్ల ఉన్నరు. ఇగ ఎవరు పట్టాలె?" అన్నది పార్వతమ్మ.

గేటు తెరుచుకోలేదు. ఆడ పోలీసులను దించి, మా భుజాల మీదినుంచే మల్లమ్మను గుంజుకున్నారు. ఎక్కడో కరెంటు పొయ్యిలో కాల్చేశారు. కొడుకు లాకప్‌లో ఉన్నాడు, చివరి చూపుకు కూడా తీసుకుపోలేదు. పాడె నేలను తాకలేదు, అయినా మట్టి దొరకలేదు. ఇంతకాలం మేము నమ్మింది కూడా పేదవాళ్లకు పనిచేయలేదు.

మర్నాడు ఆ అపార్ట్‌మెంట్లలో చీపురు కదలలేదు. పక్క టవర్లలోనూ కదలలేదు. డ్రైవర్లు బండ్లు తీయలేదు. రవీందర్ యూనిఫాం విప్పి గేటుకు తగిలించి, మా మధ్యకు వచ్చి కూర్చున్నాడు. మేము జరిగి చోటిచ్చాము.

మాలో మూడో దినం బొంద మీద పిట్టకు బువ్వ పెట్టాలి. పెట్టడానికి బొంద లేదు, కొడుకు జైలుకు పోయాడు. గోడ పక్కనే విస్తరి వేసి అందరం చుట్టూ నిలబడ్డాము. యశ్వంత్ గారు పైన బాల్కనీలోనుంచి చూసి లోపలికి పోయారు.

అప్పుడొక ముసలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. గోపన్‌పల్లి నుంచి వచ్చానని, పేరు బుచ్చమ్మ అని చెప్పింది. విస్తరి వైపు, గోడ వైపు చూసింది.

"మీకు ఈ గోడన్న ఉన్నది బిడ్డా. మా ఆయన బొంద మీద కార్లు వెట్టే సెల్లార్ తవ్విండ్రు. నేను యాడ కూసోని ఏడ్వాలె?"

పార్వతమ్మ విస్తరి చేతుల్లోకి తీసుకుంది. "నడువు అవ్వా, మీ సెల్లార్ యాడనో సూపియ్యి," అన్నది. మేమందరం గోపన్‌పల్లి తొవ్వ పట్టాము.