రొట్టెల బట్టీకి కప్పు వేసే రోజు

ఆ పొద్దున ఇంట్లో నానమ్మ ఉంది, అమ్మ ఉంది, మక్సత్ చిన్నాన్న ఉన్నాడు, బేగిమాయ్ ఉంది. పొయ్యి మీద నలభై మందికి సరిపడా మాంసం ఉడుకుతోంది. ఆ నలభై మందిలో మాత్రం ఒక్కరూ రాలేదు.

తాష్ బులాక్ ఊరి నడిబొడ్డున ఇరవై ఏళ్ళుగా మూతబడ్డ రొట్టెల బట్టీని అమ్మ మళ్ళీ తెరవబోతోంది. దానికి ఆ రోజు కప్పు వేయాలి. దూలాలెత్తడానికే ముప్పై మంది కావాలి. రేపు తెల్లారితే సగం ఊరు మందలతో కొండలెక్కేస్తుంది. చలి మొదలయ్యేదాకా దిగదు. ఇవాళ కప్పు పడకపోతే ఈ ఏడు బట్టీ వెలగదు. అమ్మ మళ్ళీ బిష్కెక్‌లో ఎవరి బట్టీలోనో పనికి పోవాల్సిందే.

"అషర్ అని అందరికీ ఫోన్‌లో పంపాం కదమ్మా! అందరూ చూశారు కూడా," అన్నాడు చిన్నాన్న.

"చూశారు, సరే. పిలిచిందెవర్రా?" నానమ్మ గరిటె ఊపింది. "అషర్ అంటే ఊరంతా ఊరికే వచ్చి పని చేసిపెట్టడం. దానికి గుమ్మంలో నిలబడి నోరారా పిలవాలి. నన్నే ఎవరూ పిలవలేదు. వండమన్నారు, వండాను."

బేగిమాయ్‌కి చెవులు వేడెక్కాయి. ఎవరితోనూ మాట్లాడే పని ఉండదని ఆ ఫోన్ ఉపాయం చెప్పింది తనే.

"మీ అమ్మ కింది వీధి, చిన్నాన్న పై వీధి. వడ్రంగి తోక్తోసున్ వీధికి నువ్వెళ్ళు," అంది నానమ్మ ఆమెతో.

"నేనా? ఆయన అరుస్తాడు నానమ్మా!"

"అరిస్తే అరవనీ. చెవులేం ఊడిపోవు. ఆయన లేకుండా దూలం నిలబడుతుందా?"

మొదటి గుమ్మంలో బేగిమాయ్ గడప వైపే చూస్తూ నిలబడింది. "ఏమే, ఉప్పు కావాలా?" అంది ఆ ఇంటావిడ. రెండో ఇంట్లో మాట బయటికొచ్చింది. మూడో ఇంట్లో, "అషర్‌కి రండి!" అని ఎంత గట్టిగా అరిచిందంటే, కుక్క మంచం కింద దూరింది. ఇంటాయన నవ్వుతూ సుత్తి పట్టుకుని వెంట నడిచాడు. ఐదో ఇల్లు దాటేసరికి వెనక పదిహేను మంది, ఒక నిచ్చెన!

వడ్రంగి తోక్తోసున్ వాకిట్లో లారీ నిండా సామాను. తలుపు తట్టగానే ఆయన తల బయటపెట్టాడు.

"ఎవరి పిల్లవి?"

"గుల్సున్ కూతుర్ని, తాతా. అషర్‌కి మీరు రావాలి."

"రేపు కొండెక్కాలి. నాకు తీరికెక్కడిది?"

"మీరెక్కేది రేపు కదా. ఇవాళ మాకివ్వండి."

"అబ్బో! నీకు మాటలు రావన్నారే?"

"ఇప్పుడే వచ్చాయి."

వెనక ఎవరో పకాలున నవ్వారు. ముసలాయన నిచ్చెనకేసి చూశాడు, జనంకేసి చూశాడు.

"ఆ నిచ్చెన ఎక్కితే దూలం కాదు, మీరే కింద పడతారు. మంచిది నా దగ్గరుంది. ఇంకా ఇక్కడే నిలబడ్డావేం? ఈ వీధిలో మరో నాలుగిళ్ళున్నాయి, పరిగెత్తు! నన్ను బూట్లేసుకోనీ," అంటూ ఆమె ముఖం మీదే ధడాలున తలుపేశాడు.