రేడియోలో ఆడగొంతు

కారిన్ రేవు చెక్కల మీద కూర్చుని లైఫ్ జాకెట్ల కాలర్లకు అంటిన లిప్‌స్టిక్ మరకలు రుద్దుతోంది. ఈ అలాస్కా రేవులో ఇప్పుడు ఆమె భర్త కంపెనీ విమానాలు ఎగరడం లేదు, జాకెట్లు తొడుక్కునే యాత్రికులు లేరు. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి.

మొన్న వాళ్ల నీటివిమానం మబ్బులో కొండను గుద్దుకుంది. హిమానీనదం చూడబోయిన నలుగురు యాత్రికులూ, పైలట్ వేడ్ కూడా పోయారు. ఆమెకింకా ఏడుపు రాలేదు.

"కారిన్, కాఫీ!" ఆఫీసులోంచి భర్త ఆర్నె కేకేశాడు.

లోపల ప్రమాదాన్ని విచారించే అధికారి హాస్కెల్ రికార్డర్ పెట్టుకుని కూర్చున్నాడు. ఆర్నె చెబుతున్నాడు. "వేడ్‌కి తొందరెక్కువండీ. తనంతట తనే మబ్బులోకి దూరాడు."

కారిన్ కప్పులు సర్దింది. పెళ్లయిన ఏడాది నుంచీ ఆ మూల రేడియో ముందు కూర్చునేది ఆమే. జీతం మాటెత్తితే, "మన డబ్బు మనకే ఇచ్చుకుంటామా?" అని ఆర్నె నవ్వేవాడు. "మగడి పనికి కూలి అడుగుతారటే?" అని అత్తగారు మూతి తిప్పేది. పొద్దున్నే రేవు చివర నిలబడి, ఎదుటి కొండ మీద చెట్ల వరస కనబడుతోందో లేదో చూసి చెప్పేదీ ఆమే. కనబడకపోతే పైలట్లు కదిలేవారు కాదు. మొన్న ఆ వరస కనబడుతూనే ఉంది. విమానం వెళ్లాక చెరిగిపోయింది. ఆమె వేడ్‌ని వెనక్కి పిలిచింది. ఆర్నె ఆమె చేతిలోంచి మైకు లాక్కున్నాడు. హిమానీనదం చూపించకపోతే, యాత్రికుల్ని తెచ్చే ఓడవాళ్లు ఇక మనుషుల్ని పంపరని అతని భయం.

నిన్న రాత్రి భోజనాల దగ్గర నెమ్మదిగానే చెప్పాడు. "కాగితాల్లో నువ్వు లేవు. లేనిదాన్ని ఎవరూ అడగరు. నోరు విప్పావో, కంపెనీ, ఇల్లు రెండూ పోతాయి." ఆమె అతనికి మరో చేపముక్క వడ్డించింది. వేడ్ భార్య గుర్తొచ్చింది. మొగుడే అందర్నీ చంపాడన్న మాట ఆ పిల్ల జన్మంతా మోయాలి.

"రేడియో దగ్గర ఎవరున్నారు?" హాస్కెల్ అడిగాడు.

"నేనే."

"అదే దారిలో వస్తున్న ఇంకో పైలట్ ఆడగొంతు విన్నానన్నాడే?"

ఆర్నె నవ్వాడు. "ఇంజను హోరులో అతనికేం వినబడిందో! మా ఆవిడకి ఇక్కడ ఉద్యోగమేం లేదండీ. ఊసుపోక వస్తుంది, కాఫీ కలుపుతుంది. ఆవిడ మాట విని ఎగిరితే కంపెనీ ఏనాడో మూతపడేది."

హాస్కెల్ తలాడించి రికార్డర్ ఆపబోయాడు.

కారిన్ తన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ గొంతు నాదండీ. 'వెనక్కి వచ్చెయ్ వేడ్' అన్నాను. ఆ వెంటనే వచ్చిన మగగొంతు ఏమందో కూడా ఆ పైలట్ చెప్పాడా, అదీ నన్నే చెప్పమంటారా?"