కంచె దాటిన ఫైలు

పద్మనాభయ్య రొయ్యల గుంట చుట్టూ నీలం రంగు వల కంచె ఉంది. దానికి ఇవతల, అల్లూరు రోడ్డు పక్కన ఆపిన కారులో ప్రత్యూష ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపలికి అడుగు పెట్టవద్దని పెదనాయన తెగేసి చెప్పాడు. ఆయన్ని తప్పు పట్టడానికేమీ లేదు. నిన్నటిదాకా ఆమె వాళ్ల నాన్న నరసయ్య గుంట గట్టు మీదే ఉంది. ఆ గుంటకు తెల్లమచ్చ రోగం తగిలి రొయ్యంతా తుడిచిపెట్టుకుపోయింది. అలాంటి చోటు నుంచి మనిషి గానీ, చెప్పు గానీ, బకెట్ గానీ ఇంకో గుంట గట్టు ఎక్కకూడదు. సొంత తమ్ముడి కూతురైనా ఇక్కడ మినహాయింపు లేదు.

"ఏమీ అనుకోబాక పాపా. ఆ పెన్‌డ్రైవ్ ఒక్కటి ఇట్టా అందియ్యి. స్పిరిట్‌తో తుడుచుకుంటా," అన్నాడాయన కంచె అవతల నుంచి. "మీ నాయన గుంట కాడిది ఇంకేదీ లోపలికి రాకూడదు."

"అట్టాగే పెదనాయనా. ఒక్క ఫైలే."

ముసురు పట్టి ఎండ మొహం చూసి రెండు రోజులయింది. ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, తగ్గితే రొయ్య చస్తుంది. నీళ్లను చిలికి గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పుదామంటే పొద్దుటి నుంచి కరెంటు లేదు. జెనరేటర్‌కు ఉన్నది ఒక్క క్యాను డీజిల్, బంకులో చుక్క లేదు. ఆ క్యానుతోనే రేపు తెల్లారేదాకా నెట్టుకురావాలి. అంటే ఆక్సిజన్ లీటరుకు నాలుగు మిల్లీగ్రాముల కిందికి దిగినప్పుడే జెనరేటర్ వేయాలి. కొలిచే చేతి మీటరేమో సరిగ్గా ఈ రోజే మొరాయించింది. ప్రత్యూష కంపెనీ నుంచి తెప్పించిన కొత్త సెన్సర్ నీళ్లలో దించి ఉంది గానీ, దాన్ని చదివే ప్రోగ్రాం ఇంకా ఎక్కించలేదు. వారంలో పట్టుబడి చేసి అమ్మాల్సిన రొయ్య అది. పోతే పెదనాయన మళ్లీ లేవలేడు, తమ్ముడి గతే ఆయనకూ పడుతుంది.

షెడ్డులో ఇన్వర్టర్ మీద నడుస్తున్నది ఆయన కొడుకు సుకుమార్ చదువుకునే రోజుల నాటి కంప్యూటర్. నెట్ లేదు, ఫోనుకు సిగ్నలూ లేదు. ప్రత్యూష రాసిన ప్రోగ్రాం ఎవరెవరో రాసిన లైబ్రరీలనే తయారు ముక్కల మీద ఆధారపడి నడుస్తుంది. అవన్నీ ఆమె ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి, ఆ పాతదాంట్లో ఒక్కటీ లేదు. అడవిలో వంటకు పోయేవాళ్లు పప్పు దగ్గర్నుంచి అగ్గిపెట్టె దాకా మూట కట్టుకుపోయినట్టు, అన్నీ ఒకే ఫైలులో కట్టి పంపాలి. అక్కడ క్లిక్ చేస్తే చాలు, నడవాలి.

మొదటి ఫైలు నడవలేదు.

"ఏదో ఫైలు దొరకలేదంటా ఉండాదే!" షెడ్డు తలుపు దగ్గర నుంచి అరిచాడు సుకుమార్.

ఆమెకు చిర్రెత్తింది. ఈ మాయదారి పని ఎప్పుడూ ఇంతే. తన దగ్గర బుద్ధిగా నడిచేది పరాయి ఇంటికి పోగానే అది లేదు, ఇది లేదు అని పేచీ పెడుతుంది. ఏది తక్కువైందో వెతికే ఓపిక లేక ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాం ఉన్న ఫోల్డర్ మొత్తం లోపల కుక్కేసింది. పదినిమిషాలు పట్టింది. ఆ కాసేపూ పద్మనాభయ్య కంచె పట్టుకుని నీళ్లకేసి చూస్తూనే ఉన్నాడు.

రెండో ఫైలు నడిచింది.

"నాలుగున్నర నాయనా!" షెడ్డులోంచి కేక వేశాడు సుకుమార్.

పద్మనాభయ్య పెద్దగా ఊపిరి వదిలాడు. "బతికించినావు పాపా," అని, చేతిలోని జెనరేటర్ స్టార్ట్ చేసే హ్యాండిల్ కింద పెట్టేశాడు. ప్రత్యూషకు గర్వంగా అనిపించింది. ఏడాదిగా ఈ ప్రోగ్రాం పెట్టించుకోమంటే కుర్రచేష్టలని నవ్వినవాడాయన.

కాసేపటికి సుకుమార్ నవ్వుతూ అరిచాడు. "చెల్లే, పైన మా చిన్నాయన పేరొస్తా ఉండాదేంది? నరసయ్య గుంట అని?"

"పేరేలే అన్నా, తర్వాత మారుస్తా," అనబోయింది. అంతలో తట్టింది. పేరు వచ్చిందంటే ఫోల్డర్‌తో పాటు ఆ పేరున్న సెట్టింగులన్నీ వెళ్లాయన్నమాట. ల్యాప్‌టాప్‌లో ఆ ఫైలు తెరిచింది. ఉప్పు, లీటరుకు ఐదు గ్రాములని ఉంది. నాన్న గుంటలోకి వచ్చేది తీపి కాలవ నీళ్లు. పెదనాయన తోడేది సముద్రపు పాయలోంచి. ఉప్పు ఎక్కువైన కొద్దీ నీళ్లు ఆక్సిజన్‌ను తక్కువ పట్టుకుంటాయి. ఈ నీళ్లను తీపి నీళ్లనుకుని ప్రోగ్రాం లేని ఆక్సిజన్‌ను చూపిస్తోంది. అక్కడ నాలుగున్నర లేదు. నాలుగు కూడా లేదు.

పేరు మార్చే వంకతో ఇంకో ఫైలు పంపితే తప్పు ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. కానీ కట్టడానికి మళ్లీ పదినిమిషాలు పడుతుంది. నోరు తెరిచి చెప్పడానికి క్షణం చాలు. సిగ్గుతో చచ్చిపోతూనే కారు దిగి కంచె దాకా పరుగెత్తింది.

"పెదనాయనా, జెనరేటర్ వెయ్యి! ఆ లెక్క తప్పు. మా నాయన గుంట లెక్క నీ గుంటకు పంపించినా. తప్పు నాదే."

పద్మనాభయ్య హ్యాండిల్ అందుకుని షెడ్డులోకి ఉరికాడు. జెనరేటర్ రెండుసార్లు దగ్గి ఆగింది, మూడోసారికి అందుకుంది. ఏరియేటర్లు తిరిగి నీళ్లు తెల్లగా నురగెత్తాయి. అప్పటికే రొయ్య ఆక్సిజన్ చాలక అంచులకు చేరి పైపైన ఈదుతోంది. ఇంకాసేపు ఆగి ఉంటే గుంటలోని రొయ్యంతా చచ్చి తేలేది.

పొద్దు వాలేసరికి అంచుల్లోని రొయ్య అడుక్కు దిగింది. చచ్చినవి ఒక గంపెడు తేలాయి. పద్మనాభయ్య ఆ గంపను గట్టు మీద పెట్టి కంచె దగ్గరకు వచ్చాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది. ఆయన పెన్‌డ్రైవ్‌ను మళ్లీ స్పిరిట్‌తో తుడిచి చెయ్యి చాపాడు.

"మళ్లీ కట్టి ఇయ్యి పాపా. డీజిల్ తెల్లారేదాకా రావాల గదా."

ప్రత్యూష కళ్లు తుడుచుకుంది. పొద్దుటి నుంచి ఆ కంప్యూటర్ గురించి అడగని ప్రశ్న లేదు. ఏ కాలం నాటిది, ఏ విండోస్, ఎంత మెమరీ అని సుకుమార్ ప్రాణం తీసింది. ఇది మాత్రం ఇప్పుడే అడిగింది.

"పెదనాయనా, నీ గుంటలో ఉప్పెంత?"