నూరీ మోసిన పెళ్లికొడుకులు

హుజూరాబాద్‌లో ఈ పన్నెండేళ్లలో పెళ్లి చేసుకున్న మగవాళ్లలో సగం మందిని మోసింది ఒక్క గుర్రమే. దాని పేరు నూరీ. తెల్లటి ఆడగుర్రం, సత్తార్ భాయ్‌ది. మిగతా సగం మంది కార్లలో ఊరేగారు, వాళ్ల సంగతి నాకనవసరం. నూరీ నడిచిన బరాత్‌లకు ఫోటోలు తీసింది నేనూ మా ఆయనా. ఆయన పోయాక నేనొక్కదాన్నే. బస్టాండు వెనక మా స్టూడియో, దాని పక్క సందులోనే సత్తార్ భాయ్ రేకుల కొట్టం. నాకసలే ముక్కు మీద కోపం. లద్దె వాసనకు వచ్చే గిరాకీ కూడా పోతోందని వారానికోసారి ఆయనతో పోట్లాడేదాన్ని. ఆయన నవ్వి, ఇంకో బకెట్ నీళ్లు కొట్టేవాడు.

మొన్న మాఘమాసంలో ఒక బరాత్‌లో ఎవడో తాగుబోతు పటాకుల లడి తెచ్చి నూరీ కాళ్ల దగ్గరే ముట్టించాడు. అది బెదిరి పక్కకు దూకితే ముందు కాలు మోరీ కంతలో పడింది. అంత బెదురులోనూ వీపు మీది పిల్లాణ్ణి కింద పడేయలేదు. పెళ్లికొడుకు క్షేమంగా దిగి, కారెక్కి వెళ్లిపోయాడు. నూరీ మూడు కాళ్ల మీద ఇంటికొచ్చింది.

పశువుల డాక్టర్ శ్యాంసుందర్ గారు వచ్చి కాలు పట్టి చూశారు.

"బొక్క ఇరగలే సత్తార్, నరం తెగింది. రోజు కడిగి కట్టు కట్టాలె, సూదులియ్యాలె, దాణా మంచిగ పెట్టాలె. ఆరు నెలలకు నడుస్తది. కాని మనిషిని మోయద్దు. ఇగ ఎప్పటికి మోయద్దు."

మోయని గుర్రానికి దాణా ఎక్కడి నుంచి వస్తుంది? సత్తార్ భాయ్‌కి ఇంకో సంపాదన లేదు. రోజూ వేడినీళ్లు కాచి కాలు కడిగేవాడు, తన దుప్పటి చింపి కట్టు కట్టేవాడు. అంతవరకు చేతిలో పని. సూదులు, దాణా చేతిలో పని కాదు కదా. నెల తిరిగేసరికి దాణా సగమైంది, సూదులు ఆగిపోయాయి. వాళ్లావిడ అక్బరీ వదినె చెవులకు పోగులు కూడా కనబడటం లేదు. ఒకనాడు ఆమె స్టూడియోకు వచ్చి కుర్చీ అంచున కూర్చుంది.

"జమునా, శుక్రవారం బండి వస్తదట. బేరగాడు మాట్లాడి పోయిండు. మీ భాయ్ నిన్నటి నుంచి అన్నం ముడ్తలేడు" అంది.

కుంటిగుర్రాన్ని కొనేవాడు పూజ చేయడానికి కొంటాడా? నాకు ప్రాణం ఉసూరుమంది. లద్దె వాసనని తిట్టిన నోరే ఇది, చూడండి. లేచి సరాసరి కొట్టంలోకి వెళ్లాను.

"నలుగురినడిగితే నాలుగు గడ్డిమోపులు రావా సత్తార్ భాయ్? అడగనిదే అమ్మయినా పెట్టదు."

"అమ్మను అడుగుతరు చెల్లె, ఊరిని అడుగుతరా? పన్నెండేండ్లు అది కష్టపడి నాకు తిండి పెట్టింది. ఇప్పుడు దాని పుండు చూపెట్టి నేను చెయ్యి చాపాల్నా?"

"నువ్వు చాపకు. నేను చాపుత."

"చాపితే నీకు నాకు మాటల్లేవు" అన్నాడు. మెత్తగానే అన్నాడు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, ఆ మెత్తదనానికే నాకు భయం వేసింది.

భయం వేసినా ఒకరు చెబితే వినే రకం కాదు నేను. ఆయన లేని వేళ చూసి నూరీ కాలు ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఏడుపు బొమ్మలు నలభై వచ్చాయి, దండం బొమ్మలు యాభై. ఒక పెద్దమనిషి 'ఓం శాంతి' అని పెట్టాడు, బతికున్న గుర్రానికి. గడ్డిపోచ మాత్రం రాలేదు. రోజంతా నాకు ఒళ్లు మండింది.

సాయంత్రం కోపం కొంచెం దిగాక ఆలోచించాను. పుండు చూస్తే జనం అయ్యో అంటారు, వేలితో పైకి జరిపేస్తారు. వాళ్లది కాదు కదా. మరి ఈ గుర్రం వాళ్లదే అని ఎట్లా చెప్పాలి? అప్పుడు తట్టింది. కంప్యూటర్ తెరిచి పాత పెళ్లిళ్లు ఒక్కొక్కటిగా తీశాను. బాసింగం కట్టుకున్నవాళ్లు, ముఖానికి పూల సెహ్రా కట్టుకున్నవాళ్లు, అందరూ నూరీ మీదే. ఎవరి ఫోటో వాళ్లకే పంపి కింద రాశాను: 'ఆనాడు నిన్ను మోసింది. ఇప్పుడు నిలబడలేకపోతుంది. శుక్రవారం అమ్ముతున్నరు.' నంబరు దొరికినవాళ్లు యాభై మంది.

ఇక చూడాలి నా స్టూడియో. సుల్తానాబాద్ నుంచి ఒకతను రెండు బస్తాల తవుడు ఆటోలో వేయించాడు. ఉట్నూర్‌లో జీపు నడిపే మా ఊరి అల్లుడు జొన్నల బస్తా బస్సులో పంపాడు. మందుల దుకాణం పెట్టుకున్న పిల్లాడు దూది, బట్టకట్టు, మలాము పెట్టెడు తెచ్చాడు. దుబాయ్ నుంచి ఒకడు మాట రికార్డు చేసి పంపాడు: "అక్కా, గా గుర్రం మీద నేను భయానికి ఏడ్చిన. ఎవలకు చెప్పకు. సూదుల పైసలు పంపుతున్న, ఎన్ని నెలలైన పంపుత." బుధవారానికల్లా స్టూడియోలో కెమెరా నిలబెట్టే జాగా లేకుండా పోయింది.

సత్తార్ భాయ్ గుమ్మంలో నిలబడి ఆ బస్తాలు చూశాడు. నా వైపు చూడలేదు.

"ఎవలియి వాళ్లకు పంపు" అని వెళ్లిపోయాడు.

నేను చేసిన అసలు తప్పు గురువారం బయటపడింది. నేను ఫోటో పంపినవాళ్లలో శ్రీహరి ఒకడు, కరెంటు లైన్‌మన్. అతని భార్య నవత రెండేళ్ల కింద జబ్బు చేసి పోయిందని అక్బరీ వదినె చెప్పేదాకా నాకు తెలియదు. అట్లాంటి పిల్లాడికి పెళ్లి ఫోటో పంపాను నేను. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నా చేతులు విరగ, ఇంత తొందర నాకెందుకని నన్ను నేనే తిట్టుకున్నాను.

శుక్రవారం పొద్దున పదింటికి అతను మోటారు సైకిల్ మీద పచ్చగడ్డి మోపు కట్టుకుని వచ్చాడు. నేను ఎదురెళ్లాను.

"తప్పైంది తమ్మీ. నాకు తెల్వదు."

"మంచిగైందక్కా. రెండేండ్లాయె, నేను ఆల్బం తెరువలే. నువ్వు పంపినంక చూసిన." ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. "ఈ మూలకు నవత ఉన్నది, చూసినవా?"

నిజమే. ఫంక్షన్ హాలు మెట్ల మీద, జనం వెనక నుంచి మునివేళ్ల మీద లేచి చూస్తోంది. ఫోటో తీసిన నేనే ఇన్నేళ్లూ ఆ పిల్లను గమనించలేదు.

"నన్ను చూస్తలేదక్కా, గుర్రాన్ని చూస్తుంది. పెండ్లైనంక గూడ అనేది, నాకు ముందుగాల గుర్రమే నచ్చింది, నువ్వు తర్వాత అని." నవ్వాడు.

మోపు భుజానికెత్తుకుని కొట్టంలోకి పోయాడు. వెనకే నేను. బండి వచ్చే వేళయిందని సత్తార్ భాయ్ నూరీ మెడకు తాడు కడుతున్నాడు. మోపు చూసి అడ్డంగా నిలబడ్డాడు.

"వద్దు బేటా. ఆనాడే మీరు కిరాయి ఇచ్చిన్రు, నాకు ముట్టింది. మీరు ఇయ్యాల్సింది ఏం లేదు."

"కిరాయి నీకిచ్చినం చాచా" అన్నాడు శ్రీహరి. "దానికేమిచ్చినం?"

శ్రీహరి ఆయన పక్క నుంచి పోయి మోపు విప్పి నూరీ ముందు పరిచాడు. నూరీ వెంటనే తినలేదు. మూతి తెచ్చి అతని భుజం మీద పెట్టింది. అప్పటిదాకా గట్టిగా ఉన్న ఆ పిల్లాడు దాని మెడ పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, అందులో సిగ్గేముంది. సత్తార్ భాయ్ దగ్గరికి వచ్చి నూరీ మెడకు కట్టిన తాడు ముడి విప్పాడు.

పదకొండింటికి బండి వచ్చి సందు మొదట్లో హారన్ కొట్టింది. సత్తార్ భాయ్ బయటికి నడిచాడు. బేరగాడు ముందుగా ఇచ్చిపోయిన బయానా నోట్లు మడత కూడా విప్పలేదు, అట్లాగే తిరిగిచ్చేశాడు.

"డీజిల్ పైసలు నేనిస్త. గుర్రాన్ని ఇయ్యను" అన్నాడు.

ఆ మధ్యాహ్నం శ్యాంసుందర్ గారు వచ్చి సూది వేశారు. తవుడు బస్తాలు నేనూ శ్రీహరీ కొట్టంలోకి ఈడ్చాం. అలిసిపోయి స్టూడియోలో కూర్చుని నీళ్లు తాగుతుంటే సత్తార్ భాయ్ వచ్చాడు. ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"ఎంతమందికి పంపినవు చెల్లె?"

"యాభై మందికి."

"ఇంకెంతమంది ఉంటరు?"

"నంబర్లు వెతికితే ఇంకో నూరు మంది దాక ఉంటరు. ఎందుకు?"

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. కంప్యూటర్ మీద ఎవరిదో పెళ్లి తెరిచే ఉంది, నూరీ మెడలో బంతిపూలదండతో. దానివైపే చూస్తూ నిలబడ్డాడు.

"వాళ్లకు గూడ పంపు" అన్నాడు. "అమ్ముతున్నరని రాయకు. నా గుర్రానికి గడ్డి కావాలె అని రాయి. కింద సత్తార్ అని నా పేరు పెట్టు."