ముసలమ్మ కుడికాలు

నరసరావుపేట యానిమేషన్ క్లాసులో బొమ్మలు గీయడంలో రొంపిచెర్ల హైమను మించినవాళ్లు లేరు. కానీ ఆ బొమ్మకు కంప్యూటర్లో ఎముకలూ కీళ్లూ అమర్చి నడిపించే రిగ్గింగ్ దగ్గరికొచ్చేసరికి ఆమె చెయ్యి మొరాయించేది. ఆమె గీసిన మనుషులు కర్రల్లా బిగుసుకుపోయి కదిలేవారు. పక్కసీటు సుభాషిణి క్వారీ లారీ డ్రైవరు కూతురు. ఆమెకు ముఖం తిన్నగా గీయడం కూడా రాదు. అయినా ఆమె చేతిలో పడితే ఏ బొమ్మయినా ప్రాణమున్నట్టు నడిచేది.

ఆ రోజు సారు హైమ గీసిన ముసలమ్మను సుభాషిణికిచ్చారు. మధ్యాహ్నానికల్లా ముసలమ్మ తెరమీద హాయిగా అడుగులేసింది. క్లాసంతా సుభాషిణి చుట్టూ మూగింది. గీసిందెవరని ఒక్కరూ అడగలేదు. హైమకు మండిపోయింది.

అందరూ టీకి వెళ్లగానే ఆ ఫైలు తెరిచి, ముసలమ్మ కుడి మోకాలి కీలును కిందికి లాగేసింది.

సుభాషిణి తిరిగొచ్చి బొమ్మను నడిపించింది. ముసలమ్మ కాలు ఈడ్చుకుంటూ కుంటింది.

"ఏందిది? నువ్వు చేశావా?"

"నేనే. పాడుచేద్దామనే చేశా," అంది హైమ.

సుభాషిణి బొమ్మను మళ్లీ నడిపించి చూసింది. "పాడవలేదే. నేను పెట్టింది పడుచుపిల్ల నడక. మోకాళ్లు నొచ్చే మా అమ్మమ్మ ఇట్టాగే నడుస్తది. చానా బాగుంది."

తిట్టినా బాగుండేదనిపించింది హైమకు. ఆ మెచ్చుకోలు మరింత మండించింది. అయినా కుర్చీ దగ్గరికి జరుపుకుని, ఆమె ముఖం చూడకుండా అడిగింది.

"కీలు ఎక్కడ పెట్టాలో నీకెట్టా తెలుస్తదే? నాకూ చూపియ్యి."