బుధవారం కూడికలో ఇంటి అప్పు

గోడకు మేకు కొట్టిన ప్రతిసారీ ఇంటి యజమానురాలు శంకరవ్వ అవతలి నుంచి, "ఏందమ్మా, నా గోడను తొలుస్తున్నరా?" అని అరుస్తుంటే, కిరాయికుండే మనిషికి సొంత గోడ మీద ఎంత ఆశ పుడుతుందో ఆనందమ్మకు బాగా తెలుసు. చివరికి మేకులు కొట్టడమే మానేసి ఆమె ఏళ్ల తరబడి కాపురం చేసింది.

ఇన్నాళ్లకు మెట్‌పల్లి పాత బజారు వెనక ఒక గూనపెంకుల ఇల్లు అమ్మకానికి వచ్చింది. రెండు గదులు, ముందు అరుగు, వెనక జామచెట్టు. ఆనందమ్మ సర్కారు బడిలో పంతులమ్మ. ఆమె జీతం చూసి గృహనిర్మాణ సహకార సంఘం వాళ్లు ఆ ఇల్లే తనఖా పెట్టుకుని అప్పిస్తామన్నారు. గురువారం పొద్దున్న వెళ్లి దస్తఖతు పెట్టాలి. ఆ రోజు దాటితే ఇల్లు కొనుక్కోవడానికి ఒక బియ్యం వ్యాపారి కాచుకుని ఉన్నాడు.

అంతా బాగానే ఉందనుకుంటే ఆనందమ్మే మెలిక పెట్టింది. అప్పు నెత్తికెత్తుకునే ముందు తన పేరు మీద జీవిత బీమా రాయించుకుంటానంది.

సంఘం గుమాస్తాను అడిగితే, "అసొంటి రూలేం లేదు పంతులమ్మా. ఇల్లు మా దగ్గర తనఖా ఉంటది, మాకేం ఫికర్ లేదు. బీమా మీ ఇష్టం," అన్నాడు.

ఆ మాట ఆమె భర్త సీమోనుకు పండగైంది. అతను బజారులో దర్జీ. పనితనం ఉన్నవాడే కానీ, పెళ్లిళ్ల కాలంలో అతని కుట్టు మిషను ఆగదు, వానకాలంలో కదలదు.

"ఇన్నవా? రూలు లేదట. ఇంకెందుకే పరేషాను?" అన్నాడు.

"ఫికర్ లేనిది సంఘమోళ్లకు. నేను పోతె కిస్తు ఎవరు గట్టాలె? ఇల్లు వాళ్లు వేలం ఏసుకుంటరు. నువ్వు, పిల్లలు, అత్తమ్మ మళ్ల శంకరవ్వ గోడ పక్కకే."

"పోతె, పోతె! పొద్దున లేస్తె గదే మాట. నువ్వు సస్తె నాకు పైసలొస్తయంటె నేను సంబురంగ తల ఊపాల్నా?"

"సంబురంగ వద్దు. మామూలుగ ఊపు."

ఊపలేదు. జీతం ఆమెది, దస్తఖతు ఆమెది. కావాలనుకుంటే బీమా రాయించుకోకుండా ఎవరూ ఆపరు. కానీ అతని మనసు నొప్పించి, అతని పేరే వారసుడిగా రాయించి, అదే ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని అన్నం తినడం ఆమెకు చేతకాదు. బీమా లేకుండా పిల్లల నెత్తిన అప్పు పెట్టడం అసలే చేతకాదు. సీమోను ఒప్పుకుంటే ఇల్లు, లేకపోతే లేదు. ఆ మాటే తెగేసి చెప్పింది.

బుధవారం సాయంత్రం వాళ్లింట్లో కూడిక. మెథడిస్టు గుడి వాళ్లు వారానికొక ఇంట్లో చేరి పాటలు పాడుకుని, ఒకరి తర్వాత ఒకరు గొంతెత్తి ప్రార్థన చేస్తారు. ఒకరు చేస్తుంటే ఇంకొకరు మాట్లాడకూడదు, కళ్లు తెరవకూడదు. బదులు చెప్పాలంటే తన వంతు దాకా ఆగాలి. అందుకే ఇంట్లో ఒకరి మాట ఒకరు వినని ఆలుమగలు కొందరు తమ తగాదాను ఇక్కడ దేవుడికి చెప్పుకుంటున్నట్టుగా ఒకరికొకరు వినిపించుకుంటారు. పాస్టరు ఆశీర్వాదం అయ్యగారు ఈ అలవాటును చాలాసార్లు ఖండించాడు. ఖండిస్తూనే చెవులు రిక్కించి వింటాడు.

ఆ సాయంత్రం బీమా ఏజెంటు రాజం కూడా వచ్చాడు. ఆనందమ్మ చివరి మాట ఏమిటో కనుక్కుపోదామని సంచీతో వచ్చిన అతను, గడప దగ్గర జనాన్ని చూసి వెనక్కి తిరగబోయాడు. సీమోను తల్లి మగ్దలేనమ్మ వదల్లేదు.

"నిలవడ్డవేంది బిడ్డా? కూసో. కండ్లు మూసుకో."

రాజం సంచీ ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

సీమోను మొదలుపెట్టాడు. "పరలోకమందున్న మా తండ్రీ, ఆకాశపక్షులను పోషించు దేవా, నిన్ను స్తుతించుచున్నాము..." బైబిలు భాష బాగానే ఎత్తుకున్నాడు కానీ, కాసేపటికే ఇంటి భాషలోకి దిగిపోయాడు. "పిచ్చుకలకు బీమా ఉన్నదా తండ్రీ? అవి గూళ్లు కట్టుకుంటలేవా? నీ మీద నమ్మకం పెట్టక కాయితాల మీద పెట్టేటోళ్లను క్షమించు. గసొంటోళ్లు నా ఇంట్లనే ఉన్నరు ప్రభువా."

"ఆమెన్," అన్నారు అందరూ. ఎవరో నవ్వును దగ్గుగా మార్చారు.

ఆనందమ్మ తొందరపడలేదు. ముందు వానల కోసం, తర్వాత బడిపిల్లల కోసం ప్రార్థించింది. అప్పుడు అసలు సంగతికి వచ్చింది.

"ప్రభువా, నా పెనిమిటికి నీ మీదున్న నమ్మకానికి వందనాలు. అంత నమ్మకముండి గూడ రోజూ తలుపుకు గొళ్లెం పెడ్తడు. పెట్టి, పడ్డదో లేదో అని మళ్ల లేచి చూసొస్తడు. ఆయన్ను గూడ క్షమించు. పిచ్చుకల సంగతంటవా, అవి అప్పుజేసి గూడు కట్టయి తండ్రీ. కిస్తు ఏదని వాటిని ఎవ్వరు అడుగరు."

ఈసారి ఆమెన్‌లో సగం నవ్వే.

"ప్రభువా, ఆమెకు నువ్వే చెప్పు..." అని సీమోను మళ్లీ అందుకోబోయాడు.

"నీ వంతు అయిపోయింది సీమోనూ," అన్నాడు అయ్యగారు, కళ్లు తెరవకుండానే.

తర్వాత మగ్దలేనమ్మ వంతు. ముసలామె ప్రార్థన ఎప్పుడూ పొట్టిదే.

"యేసయ్యా, నీకు తెల్వనిదేమున్నది. నా కొడుకుకు నమ్మకం ఎక్కువ గాదు, తక్కువ గాదు. వానికి భయం. గీ రాజం వచ్చిపోయినకాడికెల్లి కోడలిని బాయికాడికి పోనిస్తలేడు, చేద వీడే గుంజుతుండు. ఆమె తుమ్మితె కషాయం కాయమని నా పానం తీస్తుండు. నిన్న ఆమెకు తెల్వకుంట బడిదాంక ఎన్క పోయిండు. ఆమె లేని ఇల్లు వాని కండ్లల్ల తిరుగుతుంది. జర వాని భయం తీసెయ్. తియ్యరాకుంటె, భయపడుకుంటనే సరేననే ధైర్యమన్న ఇయ్యి. ఆమెన్."

ఈసారి ఆమెన్ గొణుగుడుగానే వచ్చింది.

సీమోను బావి నుంచి నీళ్లు తెచ్చి పోస్తుంటే, తనను బుజ్జగించి బీమా మాట మాన్పించడానికే అనుకుంది ఆనందమ్మ. కట్టుబాటు మరిచి కళ్లు తెరిచింది. సీమోను కళ్లూ తెరిచే ఉన్నాయి. అందరూ కళ్లు మూసుకున్న ఆ గదిలో వాళ్లిద్దరే ఒకరినొకరు చూసుకున్నారు.

సీమోను గొంతు సవరించుకున్నాడు. ఈసారి అయ్యగారు ఆపలేదు.

"ప్రభువా, ఆమెను రాయించుకోనియ్యి. నా పేరు పెట్టుకోమను. కని నా మీద గూడ ఒకటి రాయాలె, చిన్నదైనా సరే. పోయే ముచ్చట ఆమె ఒక్కతిదే ఎట్లయితది?"

"ఆమెన్!" అన్నాడు రాజం, అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా.

ఇల్లంతా గొల్లుమంది. అయ్యగారు దీవెన మొదలుపెట్టి, నవ్వు ఆగక, మళ్లీ మొదటికి వచ్చాడు.

చాయ్ తాగుతూ ఆనందమ్మ, బీమా కాగితాల మీద సంతకం చేసిన దగ్గర్నుంచే అది నడుస్తుందా అని ఆరా తీసింది. డాక్టరు చూసి, పైవాళ్లు ఒప్పుకున్నాకే అన్నాడు రాజం.

సీమోను గ్లాసు కింద పెట్టేశాడు. "అంటే, అప్పటిదాంక?"

"అప్పటిదాంక దేవుడే," అన్నాడు అయ్యగారు. "ఆయనకు గూడ జర పని ఉండనియ్యి."

జనం వెళ్లిపోయాక ఆనందమ్మ చాపలు చుడుతూ అంది: "బీమా పైసలిస్తది గని బువ్వ వండది. పిల్లలకు ఏం పెడ్తవ్?"

"మళ్ల అదే మాట!"

"చెప్పు."

"నాకు పొయ్యి ముట్టించుడే రాదు," అన్నాడు సీమోను చిన్నగా.

"నేర్పుత. పొద్దుగాల లెవ్వు."

గురువారం పొద్దున్న ఇంటి నిండా పొగ. ఆనందమ్మ గడపలో కూర్చుని మాటతో దారి చూపింది తప్ప చెయ్యి పెట్టలేదు. ఎసరు ఎక్కువైంది, గంజి పొయ్యిలోకి పొంగింది, అడుగు మాడింది.

మగ్దలేనమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇది బువ్వనా కొడుకా, జావనా?" అంది.

"రెండు," అన్నాడు సీమోను. పిల్లలు నవ్వు ఆపుకోలేక ఉక్కిరిబిక్కిరయ్యారు.

ఆనందమ్మ మారు పెట్టించుకుని మరీ తిన్నది. తర్వాత ఉతికిన చీర కట్టుకుని అతనితో కలిసి సంఘం ఆఫీసుకు బయలుదేరింది. సీమోను నుదుటి మీద అడ్డంగా మసి మరక. గడప దాటకముందే ఆమె చూసింది. పిల్లల చొక్కా మీద చిన్న చుక్కను కూడా సహించని మనిషి, ఆ పొద్దు మాత్రం ఏమీ అనలేదు. మెట్‌పల్లి బజారంతా చూడనీ అనుకుంది.